ఈ వారం సమస్య: పాము నెక్కించుకొన్నచో పనులు సాగు

పెన్న ఒడ్డు (నిర్వాహకుడు): నిన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ‘నాన్నా, పైథాన్ ఎక్కించుకుంటేగాని పని జరగదు’ అంది. పైథాన్ అంటే కొండచిలువ, అది కోడ్ రాసే ఒక కంప్యూటర్ భాష పేరు కూడా. నవ్వొచ్చి ఈ చివరి పాదం కట్టాను. పై మూడు పాదాలు మీరు పూరించాలి, కానివ్వండి.

కావలి కుర్రాడు:
కోడు రాయంగ కూర్చుండి కొత్తగాను
ఎడిట రందున పొడిగింపు లెన్నొ చూసి
నీలి పసుపుల బొమ్మపై నేడు నొక్కి
పాము నెక్కించుకొన్నచో పనులు సాగు.

విఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎక్స్ కలిపి కొడితే వచ్చే పొడిగింపుల (ఎక్స్‌టెన్షన్ల) జాబితా అండీ. అనుభవంతో రాశాను.

ఉదయగిరి మాస్టారు: సంధి చేసి ‘రాయంగఁ గూర్చుండి’ అనాలి నాయనా. మిగతాది బాగుంది. మూడో పాదం కళ్ళకు కట్టింది. అయితే ఆ బొమ్మలో పాములు రెండు. ఏకవచనం ఎట్టా?

ఒంగోలు గిత్త: మాస్టారు బొమ్మలో పాముల్ని లెక్కపెట్టారుగాని, అసలు పాము వచ్చిందో లేదో చూడలేదు. ఆ బొమ్మ నొక్కితే దిగేది పొడిగింపు మాత్రమే. రంగులేస్తుంది, తప్పులు చూపిస్తుంది, ‘రన్’ బొత్తాం ఇస్తుంది. కోడ్‌ని నడిపే పైథాన్ వేరే, దాన్ని విడిగా దించుకోవాలి. కుర్రాడు తెచ్చింది పాములవాడి బుట్ట!

బుట్ట తెచ్చి నాగసరము పూనినాను
లోన పామేది? పరికింప లేదు గదర!
భాష వేరుగ దింపుకో బాబు! ముందు
పాము నెక్కించుకొన్నచో పనులు సాగు.

పెన్న ఒడ్డు: ఆహా! ‘ముందు’ని మూడో పాదం చివర నిలబెట్టి సమస్యకి తగిలించారే, అదీ విరుపంటే. నా పాదానికి నాకే తెలియని అర్థం వచ్చింది.

ఉదయగిరి మాస్టారు: విరుపు సరే. రెండో పాదంలో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) దగ్గర ‘లో’కి ‘లే’ ఏ వరస అవుతుందబ్బా? మేనమామా, మేనత్తా?

ఒంగోలు గిత్త: చేపల పులుసు సమస్యకి మామిడికాయని ‘మామ్డికాయ’ చేసి సూర్యగణాల్లో (పాదంలోని చిన్న కొలతల్లో) కుక్కినవారు వరసలు అడుగుతున్నారు!

ఉదయగిరి మాస్టారు: మా వీధిలో మామ్డి అనే అంటారు. వాడుకను పట్టుకోవడం తప్పా? ఆ పులుసు పద్యాన్ని అప్పుడు మెచ్చుకున్నవారిలో తమరూ ఉన్నారు.

ఒంగోలు గిత్త: పులుసుని మెచ్చుకున్నాను. పద్యాన్ని కాదు.

పెన్న ఒడ్డు: పులుసు మళ్ళీ పొంగకముందే చెబుతున్నా, గిత్తగారి రెండో పాదం ఇట్టా మారిస్తే చాలు: ‘లేదు పామందు పరికింప లేశమైన’. మాస్టారూ, మీ పూరణ ఏదీ?

ఉదయగిరి మాస్టారు: ఇదిగో. కంప్యూటర్ లేదు, క్షమించాలి. పాలకడలి చిలికేటప్పుడు శౌరి, అంటే విష్ణువు, దేవతలతో అన్న మాట.

కొండ కవ్వమై నిలువగఁ గూర్మ మడుగు
తాడు లేకున్నఁ జిలుకుట తరమె మీకు
సురలు వినుడని పలికెను జూచి శౌరి
పాము నెక్కించుకొన్నచో పనులు సాగు.

ఇంకో మాట. పైథాన్ భాషని పుట్టించిన గైడో వాన్ రోసమ్ దానికి ఆ పేరు పెట్టింది పాముని చూసి కాదు, మాంటీ పైథాన్ అనే హాస్య బృందాన్ని చూసి. కాబట్టి నిజంగా పామున్నది నా పద్యంలోనే.

ఒంగోలు గిత్త: ఆ తాడైన పాము వాసుకిని ఇంతకుముందు రెండు పూరణల్లో వాడేశారు. పాపం, తాడు అరిగిపోతోంది. ఈ పద్యంలో మాత్రం ఎక్కడా వేలు పెట్టడానికి లేదు, ఒప్పుకుంటున్నా.

కావలి కుర్రాడు: గిత్తగారూ, మీ పద్యం చదివి పైథాన్ విడిగా దించాను. అయినా టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) పైథాన్ అని కొడితే కనబడలేదంటోంది. ఇదేం టెన్షన్ అండీ?

ఒంగోలు గిత్త: విండోసేనా? ఎక్కించేటప్పుడు కింద ‘పాత్‌కి చేర్చు’ అనే గడి ఉంటుంది. పాత్ అంటే కంప్యూటర్ ప్రోగ్రాముల్ని వెతికే చోట్ల జాబితా. టిక్ పెట్టావా?

కావలి కుర్రాడు: లేదండీ. చూడలేదు.

ఒంగోలు గిత్త: ఇన్‌స్టాలర్ మళ్ళీ తెరిచి మాడిఫైలోకి వెళ్ళి టిక్ పెట్టు. ఎడిటర్ మూసి తెరువు. ఆ తర్వాత కంట్రోల్, షిఫ్ట్, పి కొట్టి ఇంటర్‌ప్రెటర్‌ని, అంటే నువ్వు దించిన కోడ్ నడిపే పైథాన్‌ని, ఎంచుకో.

ఉదయగిరి మాస్టారు: ‘రాయంగఁ గూర్చుండి’ కూడా సరిచెయ్యి.