మైనస్ 20లో అరోరా ఫొటోలు: కెమెరా తట్టుకుంటుందా?

మద్దిలపాలెం_లెన్స్:
అరోరా, అంటే ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు, ఫొటోలు తీద్దామని ఫిబ్రవరిలో నార్వేలోని ట్రామ్సో వెళ్తున్నాం. మిర్రర్‌లెస్ ఫుల్ ఫ్రేమ్ బాడీ, 20 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, రెండు బ్యాటరీలు, అల్యూమినియం ట్రైపాడ్ ఉన్నాయి. 18 డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టే ఊరు మనది, మైనస్ 20 అంటే భయంగా ఉంది. సెట్టింగ్స్ ఎలా పెట్టాలి? ఇక్కడే ప్రాక్టీస్ చేసే వీలుందా?

రాత్రి_ఆకాశం:
ట్రామ్సో ఊళ్లో అంత చలి అరుదు గురూ, సముద్రం పక్కనే కదా. మబ్బు పడితే జనం స్కిబోట్న్ అనే ఊరి మీదుగా ఫిన్లాండ్ సరిహద్దు వైపు పోతారు. మైనస్ 20 తగిలేది అక్కడ. కేపీ నంబర్ (భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి ఎంతుందో చెప్పే సూచీ) గురించి బెంగ వద్దు. ట్రామ్సో అరోరా తరచూ కనిపించే వలయం కిందే ఉంటుంది కాబట్టి 2 ఉన్నా చాలు, మబ్బుల మ్యాప్ చూసుకోండి.

రా ఫార్మాట్, మాన్యువల్ మోడ్, ఎఫ్/1.8, ఐఎస్ఓ 1600, వైట్ బ్యాలెన్స్ 3800 కెల్విన్ దగ్గర మొదలుపెట్టండి. అరోరా పలచగా, కదలకుండా ఉంటే షట్టర్ 8 సెకన్లు. తెర ఊగినట్టు ఆడుతుంటే 1–2 సెకన్లకు దించి ఐఎస్ఓ 3200కి పెంచండి. నక్షత్రాల కోసం చెప్పే 500 రూల్ (500ని లెన్స్ ఎంఎంతో భాగిస్తే వచ్చే సెకన్లు) ప్రకారం 25 సెకన్లు పెడితే ఆ తెర మడతలన్నీ కలిసిపోయి పచ్చటి మరకే మిగులుతుంది. చీకట్లో స్క్రీన్ మోసం చేస్తుంది, ఫొటో బాగా వెలుగ్గా కనిపిస్తుంది. బ్రైట్‌నెస్ తగ్గించి హిస్టోగ్రామ్‌నే (ఫొటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) నమ్మండి.

ఫోకస్ మాన్యువల్‌లో, పెద్ద నక్షత్రాన్ని స్క్రీన్ మీద జూమ్ చేసి చుక్కంత అయ్యేదాకా తిప్పండి. లెన్స్ బయట అరగంట చల్లబడ్డాకే చేయండి, లోహం ముడుచుకుంటే ఫోకస్ పక్కకి తప్పుతుంది. చాలా మిర్రర్‌లెస్ లెన్సులు ఆఫ్ చేస్తే ఫోకస్ మర్చిపోతాయి, బ్యాటరీ మార్చిన ప్రతిసారీ మళ్లీ చూసుకోవాలి.

సీతమ్మధార_క్లిక్:
కెమెరాకి చలి కంటే గదిలోకి తిరిగి రావడమే ప్రమాదం. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకి మన ఉక్కపోతలో ఎలా చెమట పడుతుందో గడ్డకట్టిన కెమెరాకీ అంతే, లోపలి అద్దాల మీద కూడా. బయట ఉండగానే కార్డు, బ్యాటరీ తీసేసి, కెమెరాని జిప్‌లాక్ కవర్లో పెట్టి గాలి నొక్కి మూసేయండి. నీళ్లు కవరు మీద పడతాయి. రెండు మూడు గంటలు జిప్ తియ్యకండి.

రెండు బ్యాటరీలు చాలవు, నాలుగు కావాలి. చలికి లోపల రసాయన చర్య మందగించి 60 శాతం చూపిస్తూనే ఆగిపోతాయి. చొక్కా లోపలి జేబులో వెచ్చబడితే కొంత ఛార్జ్ తిరిగొస్తుంది. విమానంలో స్పేర్ బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి.

చల్లటి లోహం చేతికి తగలకుండా ట్రైపాడ్ కాళ్లకి ఏసీ రాగి గొట్టాలకి తొడిగే నల్ల ఫోమ్ ట్యూబు తొడగండి. ఏ ఏసీ మెకానిక్‌ని అడిగినా ఇస్తాడు. మంచులో కాళ్లని దిగేదాకా నొక్కాకే ఫొటో మొదలుపెట్టండి, లేకపోతే షట్టర్ తెరిచి ఉండగా కుంగుతుంది.

మద్దిలపాలెం_లెన్స్:
థాంక్స్ అండీ. లెన్స్ మీద యూవీ ఫిల్టర్ ఉంది, ఉంచెయ్యనా?

రాత్రి_ఆకాశం:
తీసెయ్యండి, అదీ వెచ్చని గదిలోనే. బయట బిగుసుకుపోతుంది. అరోరా పచ్చదనం దాదాపు ఒకే తరంగదైర్ఘ్యం, 557.7 నానోమీటర్లు. అది ఫిల్టర్ అద్దపు రెండు తలాల మధ్య ప్రతిఫలించి ఫొటో నడిమధ్యలో నీటి అలల్లాంటి ఉంగరాలు వేస్తుంది. ఎడిటింగ్‌లో అవి పోవు.

సీతమ్మధార_క్లిక్:
ప్రాక్టీస్‌కి అమావాస్య దగ్గర్లో లంబసింగి పొండి. తెల్లారుజామున పొగమంచు కమ్మేస్తుంది కాబట్టి నక్షత్రాల పని అర్ధరాత్రి లోపే ముగించాలి. అంతకుముందు ఇంట్లో లైట్లార్పి, రెండు జతల గ్లౌజులతో బ్యాటరీ మార్చడం, ఐఎస్ఓ తిప్పడం చేసి చూడండి. చలికి అలవాటవ్వాలని కెమెరాని మాత్రం ఫ్రీజర్లో పెట్టకండి, ఆ తేమకి ఇక్కడే పోతుంది.