ఫాస్ఫేట్ సున్నాకు తెచ్చుడు మంచిదేనా? మళ్ళ నైట్రేట్ కొనుక్కొచ్చి పోసుడు ఏంది?

హన్మకొండ_ఉప్పునీళ్లు
అందరికి నమస్తే. నాది 200 లీటర్ల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంకు, అన్ని సాఫ్ట్ కోరల్సే (మెత్తటి పగడాలే), జోవాలు, మష్రూమ్‌లు, ఒక టోడ్‌స్టూల్ లెదర్, మూలకు కొంచెం జీనియా, చేపలైతే రెండు క్లౌన్‌లు ఒక గోబీ అంతే. ఎండాకాలంల అద్దాల మీద పచ్చ నాచు మస్తు పట్టింది, వీడియోలల్ల చెప్పినట్టే ఫాస్ఫేట్ గుంజే జీఎఫ్‌ఓ (ఇనుము గుళికల) రియాక్టర్ పెట్టిన, సంప్‌ల (పక్క తొట్టిల) పోషకాలు తినే చీటో నాచు పెంచిన, తిండి సగం చేసిన. పచ్చ నాచు పోయింది, అది నిజమే. ఇప్పుడు ఫాస్ఫేట్ కొలిచే హన్నా చెకర్‌ల సున్నా, నైట్రేట్ టెస్ట్‌ల రంగే వస్తలేదు, కానీ ఇసుక మీద, రాళ్ల మీద గోధుమ రంగు జిగట పొర, దాంట్ల బుడగలు, పొద్దుగాల లైట్ వేసేటప్పుడు కొంచెమే ఉంటది, పొద్దుమీకేసరికి దుప్పటి కప్పినట్టు అయితది. జోవాలు ముడుచుకున్నయ్, టర్బో నత్తలు ఒక్కొక్కటే పోతున్నయ్. ఒక దోస్తేమో నైట్రేట్, ఫాస్ఫేట్ పొయ్యి అంటున్నడు. ఇన్ని పైసలు పెట్టి తీసేసినదాన్ని మళ్ళ పైసలు పెట్టి పోసుడా? జర క్లియర్‌గ చెప్పున్రి.

కరీంనగర్_నానో
పొయ్యకు తమ్మి. నాచు వచ్చిందంటే నీళ్లల్ల తిండి ఎక్కువైందని అర్థం, ఏ రంగు నాచైనా. సముద్రంల రీఫ్ దగ్గర ఫాస్ఫేట్ 0.02 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) కూడ దాటదు చాలా చోట్ల, నైట్రేట్ అయితే లెక్కకే రాదు, కోరల్స్ లక్షల ఏండ్ల సంది గా నీళ్లల్లనే బతుకుతున్నయ్. నువ్వు సరైన దారిలనే ఉన్నవ్, సగంల వెనక్కి తిరగకు. ఇసుక సైఫన్ కొట్టు, మూడు రోజులు లైట్ బంద్ పెట్టు, వారం వారం నీళ్లు మార్చు. నా ట్యాంకుల ఎప్పుడు చూసినా సున్నానే, జోవాలు పువ్వుల్లెక్క ఉంటయ్.

కాజీపేట_జంక్షన్
కరీంనగర్ అన్నా, అది నాచు కాదు, డైనోఫ్లాజెల్లేట్లు (డైనోలు), అంటే కంటికి కనబడని ఒంటి కణం జీవులు అయ్యుంటయ్. పొద్దుగాల తక్కువ, సాయంత్రం ఎక్కువ, బుడగలు, నత్తలు చచ్చుడు, అన్ని గటే చూపిస్తున్నయ్. ఇవి నీళ్లల్ల తిండి ఎక్కువైతే వచ్చేటివి కావు, లేకుంట పోతే వచ్చేటివి. నైట్రేట్, ఫాస్ఫేట్ ఉన్నప్పుడు పచ్చ నాచు, బాక్టీరియా, రాళ్ల మీద సన్న పొర, ఇవన్ని జాగ పట్టుకొని ఉంటయ్. అవి ఆకలికి పోంగనే ఆ ఖాళీ జాగలకు డైనోలు వచ్చి కూసుంటయ్, ఎందుకంటే వాటికి బాక్టీరియాను తినుడు కూడ వచ్చు. ఈ టైంల నీళ్లు మార్చుకుంట పోతే ఇంకింత పెరుగుతయ్.

సముద్రం లెక్క కూడ సగమే చెప్పిన్రు మీరు. ఆడ నీళ్లల్ల నంబర్ తక్కువే, కానీ ప్లాంక్టన్ రాత్రిపగలు కొట్టుకొస్తనే ఉంటది, వేల చేపల ఉచ్చ, పెంట కోరల్ మీదనే పడతది. వీళ్ల ట్యాంకుల మూడు చేపలు, సగం తిండి. నంబర్ ఒక్కటే, సరఫరా ఒక్కటి కాదు.

మంచిర్యాల_మెరైన్
ఇద్దరు కూడ రేషియో మర్చిపోయిన్రు. రెడ్‌ఫీల్డ్ రేషియో అని ఉన్నది, నత్రజని 16, ఫాస్ఫరస్ 1. ఆ లెక్కల పెడితే నాచు రాదు, డైనో రాదు. దోస్తు చెప్పినట్టు రెండు పోసుడు ఎందుకు, రేషియో చూసి తక్కువున్నది ఒక్కటే పొయ్యాలె.

కాజీపేట_జంక్షన్
మంచిర్యాల అన్నా, ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ 1934 ల చూసింది సముద్రపు ప్లాంక్టన్ శరీరంల, లోతు నీళ్లల్ల ఏ మూలకం ఎంతున్నదని. ఇంట్ల ట్యాంకుకు టార్గెట్ అని ఆయన చెప్పలే. పైగ ఆ 16 కు 1 అణువుల లెక్క, మన పీపీఎంల నైట్రేట్‌కు ఫాస్ఫేట్‌కు మారిస్తే దగ్గరదగ్గర 10 కి 1 అయితది. ఇగ మీరే చెప్పున్రి, నైట్రేట్ 0.5 ఫాస్ఫేట్ 0.05 ఉన్నా అదే రేషియో, నైట్రేట్ 50 ఫాస్ఫేట్ 5 ఉన్నా అదే రేషియో. రెండు ట్యాంకులు ఒక్కతీరుగ ఉంటయా?

ఒక్కటైతే పట్టించుకోవాలె. నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ పూర్తిగ లేకపోతే కోరల్‌కు మస్తు నష్టం. 2013 ల ఇంగ్లండ్ సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్ల పేపర్ నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికల వచ్చింది, గట్ల ఫాస్ఫేట్ దొరకని కోరల్స్ వేడికి, లైట్‌కు తొందరగ బ్లీచ్ అయితయని, అంటే తెల్లబడతయని. మన ఓరుగల్లు ఎండలు, పైన కరెంట్ పోయి చిల్లర్ ఆగుడు, ఇది మనకు చదువుకోనీకి మాత్రమే కాదు. ఫాస్ఫేట్ ఒక్కదాన్నే గుంజే జీఎఫ్‌ఓ అందుకే నాకు భయం.

కరీంనగర్_నానో
మరి బయటి దేశాలల్ల అక్రోపోరా (ఒక హార్డ్ కోరల్) ట్యాంకులు అన్ని 0.03 కాడ నడిపిస్తరు కద? వాళ్లకు తెల్వదా?

కాజీపేట_జంక్షన్
0.03 సున్నా కాదన్నా, అదే నేను అనేది. ఇగ అక్రోపోరా ముచ్చట మనకు ఎందుకు, హార్డ్ కోరల్స్ మన దేశంల 2001 సంది వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1 ల ఉన్నయ్, పులికి ఉన్న రక్షణే వాటికి. ఇక్కడ అడిగినాయనవి జోవాలు, మష్రూమ్‌లు. అవి నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.1 ఉన్నా నిమ్మళంగ పెరుగుతయ్.

పరకాల_ల్యాబ్
కాలేజీ బోటనీ ల్యాబ్‌ల పనిచేస్తున్న, రెండు మాటలు చెప్పి పోత. మొదటిది ఆ గోధుమ రంగు డైనోనే అని చూడకుంట ఎట్ల తేల్చిన్రు? వంటింటి ఆర్‌వో నీళ్లు వాడుతే సిలికేట్ వచ్చి డయాటమ్‌లు (సిలికా పెంకున్న సన్న నాచు) కూడ గిదే రంగుల వస్తయ్. మన బోరు నీళ్ల సంగతి అందరికి ఎర్కే, తాగే నీళ్లకు నైట్రేట్ హద్దే లీటరుకు 45 మిల్లీగ్రాములు, ఆర్‌వో తర్వాత మిగిలిన లవణాలను పట్టే డీఐ రెసిన్ లేకపోతే ఎంతోకొంత దాటుకొని వస్తది. జిగటను సీసాల వేసి గట్టిగ ఊపి, కాఫీ ఫిల్టర్ లాంటి కాగితంల వడగట్టి, ఆ నీళ్లను లైట్ కింద పెట్టు. గంటల మళ్ళ తీగలు తీగలుగ గట్టిపడితే డైనో. మైక్రోస్కోప్ దొరికితే ఇంకా మంచిది, 400 రెట్లు చాలు.

రెండోది హన్నా ఏ మోడల్? ఫాస్ఫరస్ పీపీబీ (పీపీఎంల వెయ్యో వంతు) చూపించేదైతే వచ్చిన నంబర్‌ను 3.066 తోని గుణించి వెయ్యితోని భాగించాలె, అప్పుడు ఫాస్ఫేట్ పీపీఎం. దాంట్ల 5 పీపీబీ అటు ఇటు ఉంటది కాబట్టి సున్నా అంటే 0.015 కూడ అయ్యుండొచ్చు.

హన్మకొండ_ఉప్పునీళ్లు
పీపీబీదే అన్నా. చాలాసార్లు చూసిన, అటు ఇటు కూడ కాదు, సున్నానే. నీళ్లు ఆర్‌వో ప్లస్ డీఐ, టీడీఎస్ 0. కాగితంల వడగట్టి చూసిన, గట్టిపడింది, తీగలు వచ్చినయ్. మైక్రోస్కోప్ మా అక్క బిడ్డ స్కూల్‌ది అడిగిన, వస్తది.

పొయ్యాలంటే ఏం పొయ్యాలె? ఏనుమాముల మార్కెట్ కాడ ఎరువుల షాపుల 13-0-45 ఉన్నది, మిరప తోటకు కొట్టేది, పొటాషియం నైట్రేటే కద అది?

మంచిర్యాల_మెరైన్
అదే అదే, చవుక కూడ.

పరకాల_ల్యాబ్
పేరుకు అదే, కానీ ప్యాకెట్ మీద జర చూసుకో. కొన్నిట్ల జింక్, కాపర్ లాంటి సూక్ష్మపోషకాలు కలుపుతరు, కాపర్ పడితే నత్తలు, రొయ్యలు, కోరల్స్ అన్ని పోతయ్. సైంటిఫిక్ షాపుల ల్యాబ్ గ్రేడ్ పొటాషియం నైట్రేట్ తీసుకో, రేటు ఎక్కువే కానీ చిన్న డబ్బ ఏండ్లకు ఏండ్లు వస్తది. దాంట్ల నైట్రేట్ 61 శాతం, అంటే 200 లీటర్లల్ల 2 పీపీఎం పెంచాలంటే 0.65 గ్రాములు చాలు. దాంతోని పెరిగే పొటాషియం ఒక పీపీఎం పైచిలుకు, సముద్రపు నీళ్లల్ల 400 దగ్గర ఉంటది, దాని గురించి ఫికర్ చెయ్యకు.

కరీంనగర్_నానో
ఉప్పులు కలుపుడే ఎందుకు, ఇంత మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి చేపల తిండి) ఎక్కువ వేస్తే సరిపోదా? నేను గట్లనే చేస్త, పొద్దుగాల ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. తొమ్మిది చేపలున్నయ్.

కాజీపేట_జంక్షన్
అన్నా గిదే కద మీ జోవాల రహస్యం! మీ టెస్ట్ సున్నా చూపిస్తున్నది, కానీ తొమ్మిది చేపలకు మూడు పూటల తిండి పడుతున్నది, చేపల మొప్పల నుంచి అమోనియా నేరుగ వస్తున్నది, కోరల్స్‌కు నైట్రేట్ కంటె అదే ఇష్టం. పడ్డది పడ్డట్టు తింటున్నయ్ కాబట్టి నీళ్లల్ల మిగుల్తలేదు. మీ సున్నా, ఈ తమ్మి సున్నా ఒక్కటి కాదు.

కరీంనగర్_నానో
సరే, తిండి పెట్టమను, దానికి నేను అడ్డం చెప్పలే. పొడులు పోసుడే నాకు నచ్చదు. రెండు వారాలు మర్చిపోయి గబుక్కున ఒకరోజు పోస్తరు మనోళ్లు, నాకు తెల్వదా.

పరకాల_ల్యాబ్
ఆ భయం కరెక్టే. ఇంకోటి, జీఎఫ్‌ఓ అంతసేపు నడిస్తే రాళ్లల్ల, ఇసుకల ఉన్న ఫాస్ఫేట్ కూడ బయటికి గుంజబడతది. ఇప్పుడు పోసినా ముందు రాళ్లే తాగుతయ్, నాలుగు రోజులు టెస్ట్‌ల ఏం కనబడదు. కనబడతలేదని డబల్ చెయ్యొద్దు, మొదలు రియాక్టర్ తీసెయ్, చీటో లైట్ తగ్గించు.

హన్మకొండ_ఉప్పునీళ్లు
రియాక్టర్ తీసేసిన, చీటో సగం తీసిన, తిండి పాత లెక్కకు తెచ్చిన. మైక్రోస్కోప్ల చూసిన, నువ్వు గింజ ఆకారం, ఒక కొస కట్టేసినట్టు ఒక్క కాడనే గుండ్రంగ తిరుగుతున్నయ్.

కాజీపేట_జంక్షన్
ఆస్ట్రియాప్సిస్ అది. ఇంకో రకం ఆంఫిడినియం అయితే ఇసుకలనే ఉండి సతాయించేది, ఇది రాత్రి నీళ్లల్లకు లేస్తది, యూవీకి (నీళ్లను శుద్ధి చేసే అతినీలలోహిత లైట్‌కు) దొరుకుతది. యూవీ సంప్‌ల కాదు, మెయిన్ ట్యాంకు నుంచి నీళ్లు గుంజి మళ్ళ ట్యాంకుకే వచ్చేటట్టు పెట్టు, రాత్రంత నడవాలె. నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 దాటేదాక నీళ్లు మార్చకు. జిగట తీసేటప్పుడు గ్లౌజులు వేసుకో, కండ్లకు చిల్లకుంట చూసుకో, దీంట్ల విషం ఉంటది, నీ నత్తలు పోయింది దాంతోనే అయ్యుంటది. ఎత్తిన జిగట నీళ్లు పిల్లలున్న కాడ పారబొయ్యకు.

కరీంనగర్_నానో
యూవీ నా దగ్గర ఒకటి ఖాళీగ ఉన్నది తమ్మి, కరీంనగర్ వస్తే తీస్కపో. నైట్రేట్ పొడి మాత్రం కొనకు, ముందు తిండితోని చూడు.