పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లు డీవీడీకి ఎక్కించాలి, వైజాగ్‌లో ఎవరైనా చేశారా?

అక్కయ్యపాలెం కుర్రాడు
అందరికీ నమస్తే. సంక్రాంతికి సున్నాలేయిద్దామని అటక మీద సామాను దింపితే రేకుపెట్టెలో 11 వీహెచ్‌ఎస్ క్యాసెట్లు దొరికాయి. 4 చిన్న కెమెరా టేపులు కూడా ఉన్నాయి, మీద వీడియో8 అని ఉంది. అమ్మానాన్నల పెళ్లి 1989ది, అక్క ఓణీల ఫంక్షన్, నా అక్షరాభ్యాసం, సింహాచలంలో ఎవరివో పుట్టువెంట్రుకలు. మా నాయనమ్మ గొంతు వీటిల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఎక్కడ చేయించాలి, లేక ఇంట్లోనే చేసుకోవచ్చా? మూడు క్యాసెట్లకి అద్దంలోంచి చూస్తే తెల్లగా బూజు కనిపిస్తోంది. ఇంకోటి, 2007లో అక్క డ్యాన్స్ టీవీలో వస్తే బాబాయ్ వాళ్లింట్లో డీవీడీ రికార్డర్‌లో ఎక్కించారు, ఆ డిస్కు నా లాప్‌టాప్‌లో ఖాళీ అని చూపిస్తోంది. అమ్మకి డీవీడీ ప్లేయరే అలవాటు, తనంతట తను వేసుకుని చూస్తుంది, అందుకే డీవీడీలే కావాలి.

పూర్ణామార్కెట్
షాపుకి మాత్రం ఇవ్వకు బ్రదర్. మేం మా పెళ్లి క్యాసెట్ ఇచ్చాం, పేరు చెప్పను గానీ బోర్డు పెద్దదే. పదిహేను రోజులు తిప్పి డీవీడీ చేతిలో పెట్టాడు, ఇంటికొచ్చి వేస్తే జీలకర్ర బెల్లం దాకా వచ్చి ఆగిపోయింది, తలంబ్రాలు లేవు అప్పగింతలు లేవు. అడిగితే డిస్కులో రెండు గంటలే పడుతుందండీ అంటాడు. మూడు గంటల క్యాసెట్ అని తెలిసి రెండో డిస్కు వేయాలి కదా. పైగా క్యాసెట్ వెనక్కిచ్చినప్పుడు టేపు మధ్యలో మడత పడి ఉంది. మా మామగారు ఆ అప్పగింతల్లోనే ఉన్నారు, ఇప్పుడు లేరు.

గాజువాక వీడియో
నేను 1991 నుంచి పెళ్లిళ్లు తీసినవాణ్ని, పానసోనిక్ ఎం3000 భుజం మీద పెట్టుకుని గాజువాక నుంచి అనకాపల్లి దాకా తిరగని కల్యాణ మండపం లేదు. అందరూ కంగారు పెట్టేస్తున్నారు గానీ ఇది పెద్ద విద్యేం కాదు. మంచి వీసీఆర్ ఒకటి సంపాదించు, పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు, బొమ్మనీ శబ్దాన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ డివైస్‌కి కలుపు, ప్లే నొక్కు, అంతే. బూజుకైతే క్యాసెట్ పెట్టి చివరిదాకా ఫార్వర్డ్, మళ్లీ మొదటికి రివైండ్, రెండు సార్లు కొడితే రాలిపోతుంది. తర్వాత వీసీఆర్ లోపల టేపుని చదివే హెడ్ తుడుచుకో. 30 ఏళ్లుగా మేం చేసింది ఇదే.

ఉక్కునగరం ఇంజినీర్
ఆ పని మాత్రం దయచేసి చేయకండి. బూజు పట్టిన క్యాసెట్‌ని వీసీఆర్‌లో పెట్టడమంటే ఆ వీసీఆర్‌ని కూడా బూజు పెట్టె చేయడమే. మన టీవీ పద్ధతైన పాల్ (PAL) వీసీఆర్‌లో హెడ్లు ఉండే డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది, హెడ్ కొస వెంట్రుక కంటే సన్నం. ఆ తెల్ల పొడి రోలర్లకీ గైడ్లకీ డ్రమ్ముకీ అంటుకుని, తర్వాత వేసిన మంచి క్యాసెట్‌కి కూడా పాకుతుంది. నేను ఊహించి చెప్పట్లేదు. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు, 2014 అక్టోబర్ 12న, కిటికీ అద్దాలు పగిలి మా ఇంట్లో బీరువా అడుగంతా నీళ్లు. క్యాసెట్లు బయటి నుంచి ఆరినట్టే ఉన్నాయని ఆర్నెల్ల తర్వాత ఒకటి వేశాను. ఆ ఒక్కదాని వల్ల ఇంకో నాలుగింటికి గీతలు పడ్డాయి. మా పెద్దాడి మొదటి పుట్టినరోజు క్యాసెట్ నిండా ఇప్పటికీ బొమ్మకి అడ్డంగా తెల్లగీత.

గాజువాక వీడియో
సార్, మీరు ఒక క్యాసెట్ తడిపి వేసుకుని అందరికీ రూలు పెడితే ఎలా? నా చేతి మీదుగా వేల క్యాసెట్లు వెళ్లాయి. సముద్రం పక్కన ఊరు, బూజు లేని క్యాసెట్ వైజాగ్‌లో దొరుకుతుందా? అన్నీ వేశాం, అన్నీ కాపీ చేశాం.

ఉక్కునగరం ఇంజినీర్
మీరు చేసిన రోజుల్లో హెడ్ పోతే మార్చుకునేవారు, ఏ వీధిలో చూసినా మెకానిక్ ఉండేవాడు. జపాన్ ఫునాయ్ కంపెనీ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది, కొత్తది తయారయ్యే చోటే లేదు. ఇప్పుడు ఒక హెడ్ పోయిందంటే ఇంకో మిషన్ వెతుక్కోవాల్సిందే. మీ అనుభవం మీద నాకు గౌరవముంది, కానీ ఈ కుర్రాడి నాయనమ్మ గొంతు మీద ప్రయోగం చేయమని చెప్పకండి.

గాజువాక వీడియో
ప్రయోగమా? అనుభవాన్ని ప్రయోగం అంటారా? నేనింక ఈ బూజు గురించి మాట్లాడను.

భీమిలి రోడ్డు
మా అమ్మ వడియాలతో పాటు మేడ మీద ఎండలో పెట్టింది, బూజు పోయింది, బొమ్మ బానే వచ్చింది.

ఉక్కునగరం ఇంజినీర్
అమ్మా, ఎండలో వద్దు. డబ్బా వంకర పోతుంది, టేపు అంచులు అలలు తేలతాయి, వీసీఆర్‌లో బొమ్మ సరిచేసే ట్రాకింగ్ ఎంత తిప్పినా బొమ్మ నిలబడదు. ముందు గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి క్యాసెట్లు రెండు మూడు వారాలు ఉంచాలి. బూజు ఎండిపోయి పొడిలా వదులవుతుంది, తడిగా ఉన్నప్పుడు తుడిస్తే మాత్రం పులుముకుంటుంది. ఆ తర్వాత ముక్కుకి మాస్కు కట్టుకుని, క్యాసెట్ వెనక ఉన్న ఐదు స్క్రూలు విప్పి, టేపు చుట్టని పట్టుకుని అంచుల మీద మెత్తటి బ్రష్షుతో తుడవాలి. అవసరమైతే నూలు రాలని గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, చేత్తో చుట్టుకుంటూ నెమ్మదిగా. తుడిచిన చుట్టల్ని పాత డబ్బాలో పెట్టకు, పనికిరాని క్యాసెట్ ఒకటి విప్పి ఆ డబ్బాలోకి మార్చు. ఒక్కో క్యాసెట్‌కి ఒక పూట పడుతుంది. నీకు మూడే ఉన్నాయి, మిగతా 8 ముందు చేసుకో, బూజువి చివర.

సీతమ్మధార శారద
నేను గృహిణిని, కంప్యూటర్ చదువు లేదు, అయినా 23 క్యాసెట్లు ఇంట్లో నేనే చేసుకున్నాను, అందుకే రాస్తున్నా. ఈజీక్యాప్ అని యూఎస్‌బీ క్యాప్చర్ డివైస్ దొరుకుతుంది, దానితో మొదలుపెట్టాను. మొదటి క్యాసెట్ మొదట్లో బానే ఉంది, గంట దాటేసరికి పంతులుగారి నోరు ముందు కదిలి మంత్రం తర్వాత వస్తోంది. నాలుగు సార్లు చేశాను, నాలుగు సార్లూ అంతే, రాత్రి కూర్చుని ఏడ్చాను కూడా. మా తమ్ముడు చెప్పాక అర్థమైంది, పాత టేపులో బొమ్మని నిలబెట్టే సింక్ సిగ్నల్ వణుకుతుంది, ఈ చిన్న డివైస్ తట్టుకోలేక మధ్యలో ఫ్రేములు వదిలేస్తుంది, బొమ్మ తగ్గి శబ్దం మిగులుతుంది. అప్పుడు పాత పానసోనిక్ డీవీడీ రికార్డర్ ఈఎస్10 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని వీసీఆర్‌కీ ఈజీక్యాప్‌కీ మధ్యలో పెట్టాం. దాంట్లో రికార్డ్ చేయక్కర్లేదు, ఊరికే దాంట్లోంచి పోనిస్తే చాలు, బొమ్మ నిలబడిపోయింది, శబ్దం పెదవికి అతుక్కుపోయింది. మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ పక్కనే కూర్చోవాలి, దానికి దగ్గర దారి లేదు. నేను పప్పు పొయ్యి మీద పడేసి కూర్చునేదాన్ని.
మీ అక్క డ్యాన్స్ డిస్కు ఖాళీ కాదు, దాన్ని ఫైనలైజ్ చేసుండరు, అంటే వేరే ప్లేయర్లు చదివేలా చివర్లో డిస్కు ముగించుండరు. ఆ రికార్డర్ ఇంకా ఉంటే దాంట్లోనే పెట్టి మెనూలో ఫైనలైజ్ నొక్కండి.

ఎంవీపీ సెక్టార్ 6
ఈ రోజుల్లో డీవీడీ ఎవరు చూస్తారండీ? లాప్‌టాప్‌లకి డ్రైవులే రావట్లేదు. ఎంపీ4 చేసి టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టండి, ఇంత గొడవ ఎందుకు?

పూర్ణామార్కెట్
అతను అమ్మ కోసం అన్నాడు కదా, చదివి మాట్లాడండి. ఆవిడకి ఏది చేతనైతే అదే కరెక్ట్.

ఎంవీపీ సెక్టార్ 6
నేను చదివే రాశాను. చవక డిస్కులు ఐదారేళ్లకే పోతాయి, మా ఇంట్లో 2009లో రాసినవి సగం చదవట్లేదు. అప్పుడు మళ్లీ వీసీఆర్ ఎక్కడ్నుంచి తెస్తారు? నా మాట కోపంగా ఉందంటే, నా చెల్లి పెళ్లి వీడియో అలాగే పోయింది.

గాజువాక వీడియో
ఇందులో మాత్రం ఈ అబ్బాయి మాట నిజం. డీవీడీ అమ్మగారికి, అసలు ఫైల్ నీకు. ముందు పెద్ద ఫైల్‌గా హార్డ్‌డిస్కులో దించి, రెండు చోట్ల పెట్టుకో, దాని నుంచి డీవీడీ చేయి. డీవీడీకి బొమ్మ సైజు 720 బై 576, ఫార్మాట్ ఎంపెగ్2. 4.7 జీబీ డిస్కులో గంటన్నర వేస్తే శుభ్రంగా ఉంటుంది, రెండు గంటలు సరిపెట్టుకోవచ్చు, మూడు గంటలు కుక్కితే హోమం పొగ దగ్గర గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. వీహెచ్‌ఎస్ బొమ్మలో ఉండే చుక్కల గరుకు, గ్రెయిన్ అంటాం, దాని వల్ల ఎక్కువ జాగా తింటుంది. క్యాసెట్‌కి రెండు డిస్కులు లెక్కేసుకో. ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా ఉంటుంది, ఏ సగం ముందో చెప్పే ఫీల్డ్ ఆర్డర్ తప్పు పెట్టకు, తప్పయితే చెయ్యి ఊపినప్పుడల్లా బొమ్మ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, చూసేవాళ్లకి తల తిరుగుతుంది.

డల్లాస్ నుంచి
మాది మద్దిలపాలెం. ఇక్కడ తీసిన క్యాసెట్లు అమ్మావాళ్లకి పంపిస్తే నలుపు తెలుపులో పైకి కిందకి దొర్లిపోయేవట, ఏళ్లపాటు పాడైపోయాయనే అనుకున్నారు. అవి అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, 525 లైన్లు, సెకనుకి దాదాపు 30 ఫ్రేములు. మనది పాల్, 625 లైన్లు, 25 ఫ్రేములు. విదేశం నుంచి వచ్చిన క్యాసెట్ ఏదన్నా అలా దొర్లితే పారేయకండి, రెండూ ఆడే మల్టీ సిస్టం వీసీఆర్ కావాలి, అంతే. మా నాన్న ఒకటి చెత్తలో వేసేశారు, దాంట్లో మా పాప మొదటి అడుగులు.

బురుజుపేట
నాదీ ఒక బాధ చెప్పుకుంటాను. మా చిన్నాన్న పెళ్లి క్యాసెట్, ఊరేగింపు కనకమహాలక్ష్మి గుడి దాకా వచ్చిన సీను ఉండాలి. వేసి చూస్తే ఊరేగింపు మధ్యలో గర్ర్‌మని, ఈడెన్ గార్డెన్స్‌లో 1996 సెమీఫైనల్. ఏటంటే, ఆ రోజు ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేదని ఎవరో దీన్నే పెట్టి మ్యాచ్ రికార్డ్ చేసీసేరు. జనం సీసాలు విసరడం అంతా ఉంది, మా చిన్నాన్న గుర్రం మీద ఉన్నది లేదు. క్యాసెట్ వెనక ఎడమ పక్క చిన్న ప్లాస్టిక్ ట్యాబ్ ఉంటాది, అది విరిచీస్తే ఇంక రికార్డ్ అవదు. ఎవరూ విరవలేదు మరి.

భీమిలి రోడ్డు
అప్పట్లో మ్యాచ్ కోసం ఎన్ని పెళ్లిళ్లు పోయాయో! మా ఇంట్లో అన్నప్రాసన మీద ఆదివారం సినిమా ఎక్కింది.

ఎంవీపీ సెక్టార్ 6
యూట్యూబ్‌లో పెట్టేవాళ్లకి ఒక మాట, పెళ్లి క్యాసెట్ల నిండా సినిమా పాటలే ఉంటాయి, కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది, కొన్నిటికి శబ్దం కూడా పోతుంది. ఇంట్లోవాళ్లకి ఫైలే పంపండి.

గాజువాక వీడియో
ఆ పాటలు మేమే వేసేవాళ్లం. అప్పగింతలకి ఏ పాట వేయాలని పెళ్లికూతురి తల్లి వచ్చి స్టూడియోలో కూర్చుని చెప్పేది. ఒకావిడ మూడు రోజులు వచ్చింది, పాట మారుస్తూ.

అక్కయ్యపాలెం కుర్రాడు
అందరికీ చాలా థ్యాంక్స్. ఉక్కునగరం సార్ నాకు మెసేజ్ చేసి తన వీసీఆర్ వారం రోజులకి ఇచ్చారు, హెడ్ ఎలా తుడవాలో కూడా చూపించారు, కాగితం తడిపి డ్రమ్ముకి ఆనించి కదలకుండా పట్టుకుని డ్రమ్మునే చేత్తో తిప్పాలి, పైకీ కిందకీ రుద్దితే హెడ్ విరిగిపోతుందట. శారదగారు చెప్పినట్టు డీవీడీ రికార్డర్ బాబాయ్ దగ్గరే ఉంది, ఫైనలైజ్ చేస్తే అక్క డ్యాన్స్ వచ్చేసింది, ఆ రికార్డర్‌నే మధ్యలో పెట్టుకున్నాను.
నిన్న రాత్రి ఓణీల ఫంక్షన్ క్యాసెట్ వేశాం. కెమెరా అంతా అక్క మీదే ఉంది, సన్‌గన్ లైటుకి అక్క మొహం తెల్లగా పేలిపోయింది. నాయనమ్మ ఎక్కడా కనిపించలేదు. కానీ కెమెరా వెనక నుంచి ఒక్కసారి, "ఒరేయ్ ఆ లైటు దించండ్రా, పిల్ల మాడిపోతోంది, ముందు మంచినీళ్లివ్వండి" అని వినిపించింది. అమ్మ రిమోట్ తీసుకుని అక్కడికే మళ్లీ మళ్లీ తిప్పింది. దాంట్లో కొంచెం గుయ్యిమని శబ్దం ఉంది, సాఫ్ట్‌వేర్‌తో తీసేయొచ్చా?
చిన్న వీడియో8 టేపుల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

గాజువాక వీడియో
ఆ లైటు పట్టుకునే కుర్రాళ్లని అందరి నాయనమ్మలూ తిట్టేవారు బాబూ. ఆ శబ్దం ఇప్పుడే ముట్టుకోకు. అసలు ఫైల్ అలాగే ఉంచి, కాపీ మీద చేసి చూడు. గుయ్యి తీయబోతే గొంతులో బరువు కూడా పోతుంది, రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టు అవుతుంది. నీ చిన్న టేపులకి నా దగ్గర సోనీ డిజిటల్8 హ్యాండీక్యామ్ ఉంది, కొన్ని మోడళ్లు పాత వీడియో8 కూడా ఆడతాయి, నాది ఆడుతుంది. ఆ కెమెరాని కలిపే ఫైర్‌వైర్ వైరు ఉన్న పాత కంప్యూటర్ కూడా ఉంది. ఆదివారం గాజువాక రా. బూజు పట్టినవి మాత్రం ఇంజినీర్ గారి దగ్గరే తుడిపించు.

ఉక్కునగరం ఇంజినీర్
నేనూ వస్తాను సార్, ఆ కెమెరా చూడాలనుంది.

బురుజుపేట
అదంతా సరే బాబూ, ముందు ఆ ఓణీల క్యాసెట్ ట్యాబ్ విరిచీ.

అక్కయ్యపాలెం కుర్రాడు
చూశానండీ. దాని ట్యాబ్ ఎప్పుడో విరిచి ఉంది, మళ్లీ రికార్డ్ అయ్యేలా దాని మీద ఎవరో సెల్లోటేపు అతికించారు. ఇప్పుడే పీకేశాను.