వీసాకి ముందు ఖాతాలో ఒక్కసారిగా డబ్బు వేస్తే రైతు ఫైలుకి మేలా, చేటా?

లంకపొలం
ఫ్రాన్స్‌కి పది రోజుల టూర్ వెళ్లాలనుకునే వ్యవసాయ కుటుంబాలకి మన వైపు ఏజెంట్లు చెప్పే మాట ఒకటే. "అప్లై చేసే ముందు ఎక్కడన్నా తెచ్చి ఎనిమిదో పదో లక్షలు ఖాతాలో ఉంచండి" అంటున్నారు. ఇది పనికొస్తుందాండీ, ఉన్న అవకాశానికే ఎసరు పెడుతుందా? లెక్కలతో చెప్పండి.

కొత్తపేట కౌంటర్
ఉంచాలండి. ఉద్యోగికి జీతం చీటీ ఉంటుంది, రైతుకి ఏముంది? షెంగెన్ (ఫ్రాన్స్‌తో సహా యూరప్ దేశాల ఉమ్మడి వీసా) వాళ్లు అడిగేది చివరి 3 నెలల స్టేట్‌మెంట్. ఆగస్టులో తీస్తే ఎరువులు, దమ్ము ట్రాక్టరు బాడుగ, ఊడ్పు కూలీలు, పిల్లల ఫీజులు, అన్నీ బయటికి పోయేవే. లోపలికొచ్చే రూపాయి కనబడదు. పన్నెండు వేల బ్యాలెన్సుతో ఫైలు పెడితే తిప్పి పంపేస్తారు.

ఆకివీడు లెక్కలు
జబ్బు సరిగ్గా చెప్పారు, మందే తప్పు. ముందు ఎంత కావాలో చూడండి. ఫ్రాన్స్ అడిగేది హోటల్ బుకింగ్ ఉన్నవారికి మనిషికి రోజుకి 65 యూరోలు, లేనివారికి 120. బుకింగ్ ఉన్న దంపతులకి పది రోజులకి 1,300 యూరోలు. దానిపైన విమానం టికెట్లు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్సు, మనిషికి 90 యూరోల వీసా ఫీజు. వీటికి పది లక్షలెందుకు?

వారం ముందు జమపడిన ఎనిమిది లక్షలు వీసా రాగానే వెనక్కిపోయే డబ్బులాగే కనిపిస్తాయి. బంగారం తాకట్టు పెట్టి వేస్తే మరీ అన్యాయం, జమ ఎక్కడిదో స్టేట్‌మెంటే చెప్పేస్తుంది.

3 నెలలు అడిగితే 3 నెలలే ఇవ్వాలని లేదు. ఏడాది స్టేట్‌మెంట్ బ్యాంకు ముద్రతో ఇవ్వండి. అందులో సార్వా (ఖరీఫ్) డబ్బు, దాళ్వా (రబీ) డబ్బు రెండూ కనబడతాయి. రైతుకి పెద్ద జమ పడడం సహజమే. దాని వెనక కాగితం లేకపోవడమే తప్పు.

ఆ కాగితం ఇలా ఉండాలి. 1-బిలో (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రెవెన్యూ పత్రం) 5 ఎకరాలు, దాళ్వాలో ఎకరానికి 75 కిలోల బస్తాలు 45. అంటే 168.75 క్వింటాళ్లు. 2024-25 సాధారణ రకం మద్దతు ధర 2,300 చొప్పున 3,88,125 రూపాయలు. ఖాతాలో మే నెలలో ఆ దరిదాపు జమ ఉంటే ఏ అధికారికైనా లెక్క కుదురుతుంది. 1-బిలో ఒక ఎకరం, ఖాతాలో ఎనిమిది లక్షలు ఉంటే కుదరదు.

కౌలు కార్డు
1-బి ఎవరి పేరున ఉంటుందండీ? డెల్టాలో సాగు చేసేవాళ్లలో చాలామంది కౌలుదార్లు. పొలం యజమానిది, డబ్బు కౌలుదారుది. వీళ్లకి పంట సాగుదారు హక్కు పత్రం ఒక్కటే ఆధారం. దానికి యజమాని ఒప్పుకోవాలి, గడువు 11 నెలలే. పాతది పెడితే లాభం లేదు. సంతకం పెట్టని యజమానులే ఎక్కువ. అలాంటి రైతుకి మీ లెక్క ఎలా నప్పుతుంది?

ఆకివీడు లెక్కలు
పూర్తిగా నప్పదు, ఒప్పుకుంటాను. ప్రభుత్వం ధాన్యం కొనే రైతు సేవా కేంద్రం ద్వారా అమ్మి ఉంటే ఆ రసీదూ, దానికి సరిపోయే జమా పెట్టండి. బయట అమ్మితే కాటా చీటీ, మిల్లు బిల్లు. ఒక్కరి దగ్గర ఒక్క రోజులో 2 లక్షలు గానీ ఆపైన గానీ నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషేధం. అందుకే అమ్మకం నాడే డబ్బు బ్యాంకు ద్వారా తీసుకోవాలి.

వనామి
రొయ్యల ఫైలు ఇంకో రకం. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మిన) బిల్లు 9 లక్షలుంటుంది, ఖాతాకి 3 లక్షలే వస్తాయి. మధ్యలో మేత డీలరు బాకీ మినహాయించుకుంటాడు. బిల్లు ఒక్కటే పెడితే అంకెలు కలవవు, అనుమానం అక్కడే మొదలవుతుంది. డీలరు దగ్గర ఖాతా కాపీ కూడా తీసుకుని, కవరింగ్ లెటర్‌లో తీసివేత చూపించాలి.

ఆదాయపు పన్ను రిటర్ను సంగతి కూడా చూసుకోండి. వ్యవసాయ ఆదాయం 5,000 దాటితే ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం పనికిరాదు. పన్ను పడకపోయినా ఆ ఆదాయం రిటర్నులో కనబడాలి.

కొత్తపేట కౌంటర్
ఏడాది స్టేట్‌మెంట్ మాట ఒప్పుకుంటున్నాను. కానీ ఖర్చుకి సరిపడా బ్యాలెన్సు అప్లై చేసే రోజున ఖాతాలో ఉండి తీరాలి. మేలో నాలుగు లక్షలు వచ్చి జూన్‌కల్లా అయిపోతే ఆ కాగితాలన్నీ వృథాయే.

ఆకివీడు లెక్కలు
అందులో తగువు లేదు. అందుకే తేదీ మనమే ఎంచుకోవాలి. షెంగెన్‌కి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు దాకా అప్లై చేయొచ్చు. సెప్టెంబరులో ప్రయాణమైతే మే నెలాఖరున, దాళ్వా డబ్బు ఖాతాలో ఉండగానే ఫైలు పెట్టేయండి. టూర్ ఖర్చు వరకు అదే పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, ఆ పత్రం కూడా జతచేయండి.

లంకపొలం
బ్రిటన్‌కి కూడా ఇదే పద్ధతా?

వనామి
డబ్బు మూలం చూపడం అక్కడా అంతే. తెలుగులో ఉన్న 1-బి, కౌలు పత్రం మాత్రం ఇంగ్లీషులోకి అనువాదం చేయించి అసలూ అనువాదమూ రెండూ కలిపి పెట్టాలి. అనువాదం సరైనదేనన్న ధ్రువీకరణ, తేదీ, అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, సంప్రదించే వివరాలు ఉండాలి. నోటరీ ముద్ర ఒక్కటే కొట్టించి పంపితే ఈ వివరాలు లేని లోటు తీరదు.