పాత టూ స్ట్రోక్ బోట్ మోటార్: వయసు చూడాలా, వాడకం చూడాలా?

సైనిక్‌పురి గాలం:
నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో చేపలు పట్టడానికి మా 12 అడుగుల ఫైబర్ పడవకు సెకండ్ హ్యాండ్ మోటార్ చూస్తున్నాను. రెండు దొరికాయి. ఒకటి 1998 నాటి 8 హెచ్‌పీ, మొదటి నుంచీ మంచినీళ్లలోనే తిరిగిందట. రెండోది 2016ది, 15 హెచ్‌పీ, కాకినాడ వైపు సముద్రంలో వేటకు వాడారు. ధర దాదాపు ఒకటే. పదిహేనేళ్లు దాటినదాన్ని ముట్టుకోవద్దని మా బావమరిది పట్టుబడుతున్నాడు. మీరేమంటారు?

కూకట్‌పల్లి వాసి:
మీ బావమరిది మాటే కరెక్ట్. పాతవాటిలో ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే కాయిల్, సీడీఐ ఎప్పుడు పోతాయో చెప్పలేం. నీళ్ల నడిమధ్యలో ఆగిపోతే ఎదురుగాలిలో తెడ్డు వేసుకుంటూ రావాలి, ఆ టెన్షన్ ఎందుకు? బయటి దేశాలవాళ్లు కూడా 2006కు ముందువి, తర్వాతివి అని విడదీసే చెప్తారు.

రాణిగంజ్ స్పానర్:
ఆ 2006 లెక్క మనది కాదండీ. అమెరికాలో 1998 నుంచి 2006 దాకా పొగ నిబంధనలు దశలవారీగా బిగించారు, దాంతో అక్కడ కార్బొరేటర్ టూ స్ట్రోక్‌లు దాదాపు కనుమరుగయ్యాయి. ఇంజిన్ బాగోగులకూ ఆ సంవత్సరానికీ సంబంధం లేదు. యమహా ఎండ్యూరో బోట్ మోటార్ల లాంటివి పెద్దగా మార్పు లేకుండా ఆ తర్వాత కూడా మనలాంటి దేశాలకు వస్తూనే ఉన్నాయి.

నా ఓటు 1998 దానికే, పరీక్షలో నెగ్గితే. ఉప్పునీళ్లలో తిరిగిన మోటార్‌ను వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగకపోతే లోపల నీళ్ల దారుల్లో ఉప్పు పేరుకుంటుంది. అల్యూమినియం తింటుంది, బోల్టులు పట్టేస్తాయి, విప్పబోతే తలలు విరుగుతాయి. వేట పడవ మోటార్‌కు రోజూ పనే. ఏళ్లు తక్కువైనా అరుగుదల తక్కువని కాదు.

ముందు గేర్ ఆయిల్ చూడండి. ప్రొపెల్లర్ దగ్గరున్న కింది స్క్రూ కొద్దిగా వదులు చేసి, మొదట వచ్చే చుక్కలు వేలి మీద పట్టండి. నల్లగా ఉంటే ఫర్వాలేదు, మార్చుకోవచ్చు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే సీలు పోయి నీళ్లు దిగినట్టే. తర్వాత రెండు ప్లగ్గులూ విప్పి, సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టించండి. రెండు సిలిండర్ల మధ్య పది శాతానికి మించి తేడా ఉంటే బేరం ఆపేయండి. మోటార్‌ను నీళ్లు లేకుండా మాత్రం తిప్పనివ్వకండి, చల్లబరిచే నీళ్లు తోడే లోపలి రబ్బరు ఇంపెల్లర్ క్షణాల్లో మాడిపోతుంది. డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేస్తే వెనక చిన్న రంధ్రం నుంచి నీటిధార ఆగకుండా రావాలి.

కూకట్‌పల్లి వాసి:
ఇనుము సంగతి సరే, రబ్బరు సంగతి? ఇప్పుడు బంకుల్లో ఎక్కడ చూసినా ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలే. 1998లో చేసిన పైపులు, ఫ్యూయల్ పంప్ డయాఫ్రం దానికి నిలుస్తాయా? పైగా ఏళ్ల తరబడి మూలన పడి ఉంటే క్రాంక్ బేరింగులు తుప్పు పడతాయి. టూ స్ట్రోక్‌లో వాటికి పెట్రోల్‌తో వచ్చే ఆయిలే తప్ప వేరే ఆధారం లేదు.

రాణిగంజ్ స్పానర్:
ఇది న్యాయమైన మాట, ఒప్పుకుంటున్నా. ఎన్నాళ్లు ఖాళీగా ఉందో తప్పక అడగండి. ప్లగ్గులు తీసి ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పితే గరగర తెలిసిపోతుంది. అలా ఉంటే నేనైతే వదిలేస్తా. పైపులు, డయాఫ్రం, ఇంపెల్లర్ మాత్రం ఏ వయసు మోటార్ కొన్నా మార్చాల్సినవే, ఆ ఖర్చు బేరంలోనే తగ్గించండి. ఆయిల్ సీళ్లు, బేరింగులు సైజు చెప్తే రాణిగంజ్‌లో చూసుకోవచ్చు. ఇంపెల్లర్, సీడీఐ అలా కుదరదు. అవి ఆ మోడల్‌కు దొరుకుతాయో లేదో అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోండి. దొరక్కపోతే మీ బావమరిది మాటే నెగ్గుతుంది.

కార్బొరేటర్‌కు భయపడకండి, ఆర్‌ఎక్స్ 100 మీద చెయ్యి తిరిగిన మెకానిక్ శుభ్రం చేసేస్తాడు. ఆయిల్ మాత్రం బైకుల 2టీ పోయొద్దు. నీటితో చల్లబడే ఇంజిన్లకు టీసీ-డబ్ల్యూ3 అని వేరే ఉంటుంది. చాలా మోటార్లకు 50 లీటర్ల పెట్రోల్‌కు ఒక లీటరు. మరీ పాతవాటిలో కొన్నిటికి అంతకంటే ఎక్కువ కావాలి, మోడల్ పుస్తకం చూడండి.

సైనిక్‌పురి గాలం:
థాంక్సండీ ఇద్దరికీ. 15 హెచ్‌పీది లాంగ్ షాఫ్ట్ అట, 20 అంగుళాలు. మా పడవ వెనక పలకకు 15 అంగుళాలది కావాలి. కాబట్టి అది పక్కన పెట్టేశాను. ఆదివారం 8 హెచ్‌పీ చూడ్డానికి వెళ్తున్నా, గేజ్ ఉన్న మెకానిక్‌నూ తీసుకెళ్తున్నా.

రాణిగంజ్ స్పానర్:
వెళ్లగానే ముందు సిలిండర్ హెడ్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. పూర్తిగా చల్లారాక మీరే తాడు లాగండి.