అనాప్లాన్‌లో ఫార్ములా లెక్క, చేత్తో కొట్టే అంకె: రెండూ కావాలంటే ఎలా?

మారతహళ్లి మోడలర్:
బెంగళూరులో ఒక రిటైల్ కంపెనీ ఫైనాన్స్ టీమ్‌లో ఉన్నానండీ. స్టోర్లవారీగా నెల నెలా సేల్స్ ప్లాన్ అనాప్లాన్‌లో (కంపెనీలు బడ్జెట్లు, ప్లాన్లు వేసుకునే సాఫ్ట్‌వేర్) వేస్తున్నాం. లెక్క సింపులే, పోయినేడు అదే నెల సేల్స్ మీద గ్రోత్ శాతం. చిక్కంతా పండగతోనే. దీపావళి 2025లో అక్టోబర్ 20న వచ్చింది, 2026లో నవంబర్ 8న, కాబట్టి ఫార్ములా అక్టోబర్‌కి ఎక్కువ, నవంబర్‌కి తక్కువ చూపిస్తోంది. ఆ నెలలు మేమే మార్చుకుంటాం అంటున్నారు స్టోర్ మేనేజర్లు. ఫార్ములా ఉన్న లైన్ ఐటమ్‌లో (అంటే పట్టికలో ఒక లెక్క వరసలో) టైప్ చేయనివ్వదు కదా, ఏం చేయాలి?

వైట్‌ఫీల్డ్ వాసి:
మూడు లైన్ ఐటమ్స్ పెట్టండి: లెక్క, ఓవర్‌రైడ్ (మేనేజర్ చేత్తో కొట్టే అంకె), ఫైనల్. ఓవర్‌రైడ్ సున్నా కాకపోతే అదే తీసుకో, లేదంటే లెక్క తీసుకో అని ఫైనల్‌లో ఇఫ్ రాయండి. మిగతా మాడ్యూల్స్ (వేరే పట్టికలు) అన్నీ ఫైనల్‌నే చూడాలి, ఒక్కటి లెక్క లైన్‌కి లింకై ఉన్నా రిపోర్టులు కలవవు.

సున్నా పక్షం:
అన్నా, రిపేర్లకని నెలంతా మూసేసే స్టోర్ సంగతేంటి? అక్కడ నిజంగానే సున్నా కావాలి. అనాప్లాన్‌లో నంబర్ లైన్‌కి ఖాళీ అనేదే లేదు, ఏమీ కొట్టకపోయినా సున్నాయే, అందుకే మీ ఇఫ్ మళ్లీ ఫార్ములా అంకె తెచ్చి పెడుతుంది. ఎస్‌బేస్‌లో (ఒరాకిల్ వాళ్ల ప్లానింగ్ డేటాబేస్) అయితే మిస్సింగ్, అంటే ఖాళీ వేరు, జీరో వేరు. ఇక్కడ పక్కన ఒక బూలియన్ లైన్ (అవును/కాదు అని టిక్ పెట్టేది) పెట్టి, టిక్ ఉంటేనే ఓవర్‌రైడ్ తీసుకోమనడం మంచిది. ఇంకోటి, ఫైనల్ సమ్మరీ మెథడ్ (టోటల్ ఎలా కట్టాలో చెప్పే సెట్టింగ్) సమ్, అంటే కూడిక ఉండాలి. ఫార్ములా అని పెడితే ఆ ఇఫ్ రీజియన్ టోటల్ దగ్గర కూడా నడుస్తుంది, ఒక్క స్టోర్‌లో ఓవర్‌రైడ్ ఉంటే చాలు, మొత్తం రీజియన్‌కి ఆ ఒక్క స్టోర్ అంకే కనిపిస్తుంది!

కోరమంగళ ప్లానర్:
పై రెండూ సరే గానీ దీపావళికి ఓవర్‌రైడే వద్దంటాను. అది ప్రతి ఏడూ జరిగే మార్పు, తేదీ ముందే తెలుసు, ఏ నెలకి ఎంత పండగ వాటా అని ఒక ఇన్‌పుట్ పెట్టి ఫార్ములాలోకే తెచ్చేయండి. చేత్తో కొట్టిన అంకె గడ్డకట్టినట్టు ఉండిపోతుంది, రేపు గ్రోత్ శాతం మారినా అది కదలదు, అది ఎవరి కంటా పడదు కూడా. స్టోర్ ఎదురుగా మెట్రో పనులు మొదలయ్యాయి లాంటివి మేనేజర్‌కే తెలుస్తాయి, ఓవర్‌రైడ్ వాటికి ఉంచండి, పక్కన కారణం రాసే టెక్స్ట్ లైన్ కూడా పెట్టండి.

మారతహళ్లి మోడలర్:
సమ్మరీ మెథడ్ చూశానండీ, ఫార్ములా అనే ఉంది, మార్చేస్తున్నా. పాత టిక్‌లు ప్రతి ప్లానింగ్ రౌండ్‌కీ తీసేయాలంటే?

సున్నా పక్షం:
ఎప్పుడూ ఫాల్స్ (టిక్ లేకుండా) ఉండే బూలియన్ లైన్ ఒకటి పెట్టి, దాన్నుంచి టిక్ లైన్‌కి ఇంపోర్ట్ యాక్షన్ (ఒక లైన్ విలువల్ని ఇంకో లైన్‌లోకి కాపీ చేసేది) చేసుకోండి. రన్ చేసే ముందు మాత్రం మేనేజర్లకి చెప్పండి.