పుప్పొడి రేణువులకు అంటుకున్న ఈ బుడగలేంటి?

జక్కూరు_వాసి:
జక్కూరు చెరువు గట్టు మట్టిలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి, పైన మొక్కజొన్న పుప్పొడి చల్లి మూత పెట్టాను. కొన్నాళ్లకి 400 రెట్లలో చూస్తే రేణువుల మీద గుండ్రటి బుడగలు, లోపల చుక్కల కదలిక. ఇది మొలకా, ఫంగసా?

బోటనీ_లలిత:
మొలక కాదండీ. మొలకైతే పొడుగ్గా గొట్టం వస్తుంది, అదీ రంధ్రంలోంచే. మొక్కజొన్న రేణువుకి ఉన్నదే ఒక్క రంధ్రం. మీ బుడగలు చుట్టూ ఉన్నాయంటే కైట్రిడ్ అనే నీటి ఫంగస్ అయ్యుండాలి. దాని బీజం ఒంటి తోకతో ఈదుకుంటూ వచ్చి రేణువుకి అతుక్కుంటుంది. తోక పోతుంది, సన్నటి వేళ్లలాంటి పోగులు లోపలికి దిగి తిండి లాగుతాయి. బయటి బుడగ పండితే మళ్లీ బీజాలు బయటపడతాయి. ఒక్కోదానిలో మెరిసే నూనె చుక్క ఉంటుంది, చూడండి. ఉన్నచోటే వణికేవన్నీ బీజాలు కావు. సర్రున పోయి టక్కున మలుపు తిరిగేవే అసలువి.

మడివాల_బుల్లోడు:
నా దగ్గరున్న కాగితం మైక్రోస్కోప్, అదే ఫోల్డ్‌స్కోప్‌తో అవుతుందా అక్కా?

బోటనీ_లలిత:
బుడగల వరకు ఓకే. బీజాలు 3–5 మైక్రాన్లే, తోక మీద ఆశ పెట్టుకోకు.

హెబ్బాళ_రావు:
పైన్ పుప్పొడి దొరికితే వదలొద్దు. రెండు గాలి తిత్తులుంటాయి కాబట్టి నీళ్ల మీద తేలుతుంది, తీయడం తేలిక. కైట్రిడ్‌లకి ఎర అంటే ముందు చెప్పేది దాన్నే.

జక్కూరు_వాసి:
మరి రేణువు మొత్తం కరిగిపోతుందా?

హెబ్బాళ_రావు:
"ఫంగస్ పుప్పొడిని కరిగించేస్తుంది" అని రాసేవాళ్లని చూస్తే నాకు చిరాకు. ఖాళీ అయ్యేది లోపలి సరుకు. సెల్యులోజ్, పెక్టిన్‌తో ఉండే లోపొర కూడా అరిగిపోతుంది. పై పెంకు మాత్రం స్పోరోపొలెనిన్ అనే పదార్థం, మహా మొండిది. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో వేడి చేసినా మిగులుతుంది. కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో పుప్పొడి దొరికేది అందుకే. అలాగని చావు లేనిదేం కాదు, గాలి తగిలే మట్టిలో మెల్లగా పాడవుతుంది. గాలి అందని చెరువు అడుగు బురదలో నిలుస్తుంది.

సర్జాపూర్_సునీత:
కప్పల్ని చంపే కైట్రిడ్ ఇదేనా? మావారికి ఒకటే టెన్షన్, గిన్నె వంటింట్లో ఉందని.

బోటనీ_లలిత:
అది వేరే జాతమ్మా, 1999లో పేరు పెట్టారు. పుప్పొడి మీద బతికేవి మనుషుల జోలికి రావు. అయినా చెరువు మట్టిలో ఇంకేమైనా ఉండొచ్చు, గిన్నె వంటింట్లోంచి తీసేయండి. వాడిన నీళ్లు మరిగించి పారబోయండి, ఇంకో చెరువులో మాత్రం కలపొద్దు.

మడివాల_బుల్లోడు:
మా ఖాళీ సైటు నిండా వయ్యారిభామే. ఆ పుప్పొడి వాడనా?

బోటనీ_లలిత:
వద్దు బాబూ. ఫంగస్ కన్నా ముందు నీకు తుమ్ములు పడతాయి.